ఖాళీ ఉయ్యాల ఊపకూడదు

నమోదు 1. ఏడో నెల, బరువింట్లో మొదటి రోజు

ఈ ఇంటికి పురుడు పోసుకోవడానికి వచ్చిన ప్రతి మనిషీ తన వెనక వచ్చే మనిషి కోసం నాలుగు ముక్కలు రాసి పోవాలని ఆచారం. నా ముందున్నావిడ రాసింది చదివాను. "భయపడకు, అన్నీ అవే అవుతాయి" అని ఒక్క ముక్క రాసి వెళ్ళిపోయింది మహాతల్లి. నేను అలా పోను. నా పేరు ధరణి, ఊళ్ళో నీటి పంపుల మిస్త్రీని. పంపు ఇంకొకరికి అప్పగించేటప్పుడు ఏ వాల్వు కారుతుందో, ఏ నట్టు బిగుసుకుపోయిందో చెప్పి పోవడం మాకు అలవాటు. కనుక నా వెనక వచ్చే తల్లీ, ఇది నీకు.

ముందు ఒకటి చెబుతాను, నవ్వుకుంటావు. మూడో నెల్లో పంపుల గదిలో వాంతి చేసుకుంటుంటే అటుగా వచ్చిన కొమురవ్వ నన్ను ఎగాదిగా చూసి, "ఏందే, నీళ్ళు వోసుకున్నవా?" అంది. నా గుండె జారిపోయింది. చంద్రుడి మీద ఒంటి మీద నీళ్ళు పోసుకోవడం ఎంత తప్పో నీకు తెలుసు. తడిగుడ్డతో తుడుచుకోవడమే మన స్నానం. నీళ్ళకు కాపలా ఉన్న మనిషే దొంగచాటుగా పోసుకుందని ఆవిడ అనుకుందేమోనని, "లేదవ్వా, కావాలంటే మీటరు చూసుకో" అన్నాను. ఆవిడ నవ్వి నవ్వి గోడ పట్టుకుని నిలబడింది. కడుపుతో ఉన్నావా అని అడగడానికి పెద్దనేల మీద, అదే భూమ్మీద, అలా అంటారట. ఊరంతా నాలుగు రోజులు ఆ మాటే చెప్పుకున్నారు.

ఇక బరువిల్లు. ఊరి అడుగున కొండ గుహలో తిరుగుతూ పెద్దనేల బరువు పుట్టించే ఈ చక్రం గురించి నీకు కొత్తగా చెప్పేదేముంది, నువ్వు పుట్టింది కూడా ఇక్కడే అయి ఉంటుంది. కానీ పెద్దయ్యాక లోపలికి రావడం వేరు. గడప దాటగానే నా బుగ్గలు కిందికి జారాయి. చేతులు ఎవరో పట్టుకుని లాగుతున్నట్టున్నాయి. నడుస్తుంటే వెనక ఎవరో దబ్ దబ్ మని వస్తున్నట్టనిపించి రెండుసార్లు తిరిగి చూశాను. అది నా అడుగుల చప్పుడే. ఊళ్ళో మన అడుగులకు చప్పుడెక్కడిది!

నేనెందుకు ఇంత జాగ్రత్తగా రాస్తున్నానో చెప్పాలి. నేను పుట్టిన కొన్నాళ్ళకే ఈ చక్రం ఆగిపోయింది. మళ్ళీ తిరిగేసరికి ఏడాది దాటింది. ఎముక గట్టిపడే వయసంతా నేను ఊళ్ళో తేలిగ్గా తేలుతూ గడిపాను. అందుకే నా ఎముకలు అప్పడాలు. చిన్నప్పుడు మంచం దిగబోతే ఒక కాలు విరిగింది, అది అతుక్కున్న ఏడాదే రెండోది. నాకు నడక నేర్పుతూ మా అమ్మ తనే ముందు ఏడ్చేసేది. నా బిడ్డ నాలా కాకూడదు. పుట్టి, బోర్లా పడి, పాకి, లేచి నిలబడేదాకా ఈ బరువులోనే పెరగాలి. నేను కోరుకునేది ఇదొక్కటే.


నమోదు 2. ఏడో నెల, సర్దుకుంటున్నాను

ఇక్కడ నన్ను చూసుకోవడానికి ఇద్దరున్నారు. ఇద్దరూ చిన్నతనంలో పెద్దనేల నుంచి వచ్చినవాళ్ళే కాబట్టి ఈ బరువు వాళ్ళకు లెక్కలేదు. మంగతాయారు గారిది గోదావరి మాట, నలుగురు పిల్లల తల్లి. కొమురవ్వది కరీంనగర్ మాట, ఆరుగురిని కన్నది. ఇద్దరికీ ఏ ఒక్క విషయంలోనూ పొత్తు కుదరదు.

"చూడమ్మాయ్, బిడ్డ భూమ్మీద పడేదాకా వాడి కోసం ఏదీ కుట్టకూడదు, కొనకూడదు. దిష్టి" అంటుంది మంగతాయారు గారు. ఇది చంద్రుడని ఆవిడకు ఎవరూ గుర్తు చెయ్యరు.

"గట్లయితే ఎట్లనే? పుట్టినంక దీనికి చెయ్యి ఖాళీ ఉంటదా? గుడ్డలు ఇప్పుడే చింపి ఉడకవెట్టాలె" అంటుంది కొమురవ్వ.

చివరికి రాజీ కుదిరింది. కొమురవ్వ తన దగ్గరున్న పాత నూలు చీర తెచ్చింది. ఆవిడ తల్లి కట్టి కట్టి, ఉతికి ఉతికి, వెన్నలా మెత్తబడిన చీర. దాన్ని నేనే చింపాను, నేనే ఉడకబెట్టాను, మడత పెట్టాను. అవి బిడ్డ గుడ్డలు కావు, వంటింటి మసిగుడ్డలు అని ఇద్దరూ ఒప్పుకున్నారు. నువ్వు కూడా అలాగే చెయ్యి. కొత్త గుడ్డ ఎంత ఖరీదైనదైనా పసిగుడ్డు ఒంటికి గరుకే. మసిగుడ్డల మడతలు రెండు చోట్ల పెట్టుకో, ఒకటి మంచం దగ్గర, ఒకటి పాలిచ్చే కుర్చీ దగ్గర. ఒక చోటే పెట్టుకుంటే నీకు కావలసినప్పుడు అవి ఎప్పుడూ రెండో గదిలోనే ఉంటాయి.

కారప్పొడి కూడా ఇప్పుడే కొట్టించి పెట్టుకున్నాం. వెల్లుల్లి, జీలకర్ర, ఎండుమిర్చి. సన్నికల్లు మీద నూరుదామని సరదాపడి పొత్రం ఎత్తబోయాను. ఊళ్ళో ఆ రాయిని ఒంటి చేత్తో గిరాటేసేదాన్ని. ఇక్కడ అది నన్ను కిందికి లాక్కుపోయింది. "వదిలెయ్యవే తల్లీ, అది నీకంటే బరువు" అని మంగతాయారు గారు లాక్కుంది.

ఇద్దరూ ఏకమైన మాట ఒక్కటి ఉంది. ఎడమవైపు తిరిగి పడుకోవాలి. ఊళ్ళోంచి తెర మీద నన్ను చూసే డాక్టరమ్మ కూడా అదే చెప్పింది. ముగ్గురు ఒకే మాట అంటే అది నిజమై ఉంటుందని అలాగే పడుకుంటున్నాను.


నమోదు 3. ఎనిమిదో నెల

ఎడమవైపు తిరిగితే నా చెవి గోడకు ఆనుతుంది. ఆ గోడ వెనక నుంచే చక్రపు ఊచ ఒకటి ఇరుసుదాకా పోతుంది. మధ్యాహ్నం కునుకు తీద్దామని పడుకుంటే టక్ మంది. కాసేపటికి మళ్ళీ టక్. బిడ్డ తన్నిందేమో అనుకున్నాను. బిడ్డ తన్నింది కూడా, కానీ దాని లెక్క వేరు, ఈ చప్పుడు లెక్క వేరు. చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఒక్క టక్.

పంపుల దగ్గర బతికినదాన్ని, ఆ చప్పుడు నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. బేరింగు ఎండిపోతే వచ్చే చప్పుడది.

చక్రం నడిపే ఖాసిం అన్నను పిలిచాను. తన నలుగురు పిల్లలూ ఇక్కడే పుట్టారు కనుక ఆయనకీ ఇంటి మీద ప్రేమే. గోడకు చెవి పెట్టి విన్నాడు. ముఖం మాడింది.

"గ్రీజు డబ్బా అడుగంటిందమ్మా. సరుకు ఓడ వచ్చేసరికి నీ బిడ్డ నడక నేర్చుకుని ఉంటది" అన్నాడు.

"ఇంత త్వరగా ఎందుకు పోతోందన్నా? తిరిగే యంత్రం తిరుగుతూ ఉంటే గ్రీజు ఏళ్ళ తరబడి ఉండాలి."

"తిరుగుతూ ఉంటే ఉంటది. లోపల ఎవరూ లేకపోతే ఆపేస్తాం కదా. మళ్ళీ ఎవరైనా వస్తే తిప్పుతాం. మా నాన్న నడిపినప్పుడూ అంతే."

"ఎందుకు ఆపడం?"

ఆయన నా వంక వింతగా చూశాడు. "అదేంటమ్మా, తెలీదా? ఖాళీ ఉయ్యాల ఊపకూడదు కదా."

వెనక నుంచి ఇద్దరు పెద్దవాళ్ళూ తలలూపారు. "ఊపితే బిడ్డకు కడుపునొప్పి వస్తుంది" అంది మంగతాయారు గారు.

"ఏ బిడ్డకు పిన్నీ? లోపల ఎవరూ లేరుగా."

"వచ్చే బిడ్డకు."

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. ఈ గుహ ఎంత చల్లనో తెలుసు కదా. చక్రం ఆగితే ఇరుసు చల్లబడుతుంది, గ్రీజు రాయిలా గడ్డకడుతుంది. ఆ గడ్డలతోనే మళ్ళీ తిప్పితే బేరింగు గీసుకుపోతుంది. ఇన్నేళ్ళుగా ప్రతి పురుడు తర్వాతా చక్రాన్ని ఆపి, చల్లబరిచి, మళ్ళీ గీకించి తిప్పుతున్నారు. పెద్దనేల మీద ఉయ్యాల గురించి అన్న మాటను మనవాళ్ళు మోసుకొచ్చి ఇంత పెద్ద యంత్రానికి కట్టారు. నా పసితనంలో బేరింగు పట్టేసి చక్రం ఆగిపోయింది కూడా ఇందుకేనన్నమాట. నా కాళ్ళు విరిగింది ఒక మాట కోసం.

ఆ మాటే పైకి అనేశాను. కొమురవ్వ వచ్చి నా పక్కన కూర్చుని నా కాలు తన ఒళ్ళోకి తీసుకుంది. ఆవిడ మీద కోపం పెట్టుకోవడం నా వల్ల కాలేదు.

ఖాసిం అన్న చివరికి ఉన్నమాట చెప్పాడు. "ఇప్పుడు ఆపితే మళ్ళీ కదులుతుందని నేను చెప్పలేను. ఆపకపోతే ఎన్నాళ్ళు తిరుగుతుందో అదీ చెప్పలేను."


నమోదు 4. ఎనిమిదో నెల, మర్నాడు కాదు, ఆ పైవారం

టక్ టక్ ఇప్పుడు గోడకు చెవి ఆనించకపోయినా వినబడుతోంది. గ్లాసులో నీళ్ళు వణుకుతున్నాయి. నేను ఏడుస్తానని ఇద్దరూ నన్ను పనిలో ముంచేశారు. నడవమంటారు, కూర్చుని లేవమంటారు, గోళ్ళు కత్తిరించుకోమంటారు. గోళ్ళ సంగతి మాత్రం నువ్వు మరిచిపోకు. తర్వాత పసిబిడ్డను పట్టుకునేది ఆ వేళ్ళతోనే.

నా తుంటి కీళ్ళు పట్టేశాయి. తేలికలో పెరిగిన ఎముకలకు ఈ బరువు, పైన బిడ్డ బరువు. మంగతాయారు గారు వంటాముదం గోరువెచ్చగా కాచి నడుముకు రాసింది. పైన తోటలో తను పెంచిన ఆముదపు చెట్ల గింజల్ని వేయించి, దంచి, నీళ్ళలో మరగబెట్టి తీసిన నూనె అది. జాడీ నిండా ఉంది. ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డ మాడుకూ ఆవిడ చేతి ఆముదమే.

"చూశావా, పట్టేసిన కీలు ఎలా వదులైందో" అంది.

నేను లేచి కూర్చున్నాను. కీలు నిజంగానే వదులైంది. "పిన్నీ, ఈ జాడీ నాకివ్వు" అన్నాను.

"ఎందుకే?"

"ఇరుసుకు."

ఆవిడ జాడీని చీర కొంగు కింద దాచుకుంది. నవ్వులాట కాదు, నిజంగానే దాచుకుంది. "ఇది నీ బిడ్డ మాడుకు దాచింది. మళ్ళీ గింజలు కాయాలంటే నెలలు పడుతుంది. మాడు మీద ఆముదం లేకుండా బిడ్డను ఎలా ఉంచుతానే? ఇనప ముక్కకు పోస్తానా?"

డాక్టరమ్మ తెర మీద ఉంది అప్పుడు. "మాడు మీద రాస్తే రాయండి, రాయకపోయినా బిడ్డకేం కాదు. నోట్లో, ముక్కులో మాత్రం చుక్క కూడా వెయ్యొద్దు" అంది. మంగతాయారు గారు వినిపించుకోలేదు.

అప్పుడు కొమురవ్వ అంది, మెల్లగానే అంది. "తలకు నూనె పెడ్తవ్, మంచిగనే ఉంటది. రేపు దాని కాళ్ళు నిలవకపోతే ఏ నూనె రాస్తవ్ మంగా? ఈ ధరణి కాళ్ళకు ఏ నూనె రాసినం మనం?"

మంగతాయారు గారు నా కాళ్ళ వంక చూసింది. లేచి వెళ్ళి ఒక చిన్న గిన్నెలోకి గరిటెడు ఆముదం వంచుకుంది. జాడీ తెచ్చి నా ముందు పెట్టింది. ముక్కు చీదుకుని, "వేడి చేసి పొయ్యమని చెప్పు వాడికి. చల్లది పోస్తే లోపలికి దిగదు" అని కూడా చెప్పింది.


నమోదు 5. ఇరుసు గది

ఖాసిం అన్న ఇరుసు గదిలో ఒక్కడే అవస్థ పడ్డాడు. నూనె ఎక్కడ పోయాలో ఆయనకు తెలియడంలేదు. మూతలు చాలా ఉన్నాయి, చప్పుడు అన్నిట్లోంచీ వస్తున్నట్టే ఉంటుంది. నేను వస్తానన్నాను.

"ఒట్టి మనిషివి కావు, నిచ్చెన ఎక్కుతానంటావేంటే!" అంది మంగతాయారు గారు.

"పైకి, ఇరుసు దగ్గరికి పోయినకొద్దీ తేలికవుతా పిన్నీ. అక్కడ నేను చేపను."

కొమురవ్వ నా నడుముకు తాడు కట్టి, తను వెనక ఎక్కింది. ఎక్కుతున్నకొద్దీ ఒక్కొక్క మెట్టుకూ బరువు జారిపోయింది. ఇరుసు గదిలో అడుగుపెట్టేసరికి నా కడుపు బుడగలా తేలిపోయింది, బిడ్డ గిర్రున పల్టీ కొట్టింది. చాలా రోజుల తర్వాత ఊపిరి నిండా పీల్చాను.

ప్రతి మూతకూ చెవి ఆనించి విన్నాను. ఎక్కడ చప్పుడు పొడిగా ఉందో అక్కడ వేలు పెట్టి చూపించాను. ఖాసిం అన్న వేడి ఆముదాన్ని సన్నటి ధారగా పిచికారీతో ఎక్కించాడు. ముందు నల్లటి గడ్డలు కరిగి బయటకొచ్చాయి. తర్వాత టక్ కాస్త మెత్తబడింది. తర్వాత ఒక చుట్టు తిరిగింది, రెండు చుట్లు తిరిగింది, చప్పుడు రాలేదు. గదంతా తలంటు వాసన.

"ఆపనంతకాలం వెచ్చగా ఉంటది, వెచ్చగా ఉన్నంతకాలం తిరుగుద్ది. ఒకసారి ఆపి చల్లబడిందా, ఇక అంతే. ఆముదం జిగురైపోతది" అన్నాడు ఖాసిం అన్న.

నేను ఆపనివ్వనని చెప్పాను. దిగి వచ్చేటప్పుడు మళ్ళీ ఒక్కొక్క మెట్టుకూ బరువు ఎక్కింది. ఈసారి అది నాకు కష్టంగా తోచలేదు.


నమోదు 6. బిడ్డ వచ్చింది

ఉమ్మనీరు పోయినప్పుడు నేను చేసిన మొదటి పని గోడలు చూడటం. నీళ్ళ మనిషిని కదా, ఎక్కడ లీకైందా అని. మంగతాయారు గారు తల బాదుకుంది.

నొప్పులు వస్తూ పోతూ చాలాసేపు నడిచాయి. డాక్టరమ్మ లోపలికి వచ్చి కూర్చుంది. మంచు గనిలో పనిచేసే మా ఆయన కిరీటి సెలవు పెట్టి పరుగున వచ్చాడు. ఎవరు చెప్పినా చెప్పకపోయినా నీకు నేను చెబుతున్నాను, నొప్పి రానప్పుడు దాని గురించి ఆలోచించకు. మధ్యలో దొరికే విరామంలో ముద్ద తిను, నీళ్ళు తాగు, తిట్టాలనిపిస్తే తిట్టు. కిరీటిని నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

కొమురవ్వ దూలానికి చీర వేలాడదీసింది. "దీన్ని వట్టుకొని కూసో బిడ్డా. పండుకుంటే నీ బరువు నీకు పగ. కూసుంటే అదే నీకు సాయం."

"అరవాలంటే అరువమ్మాయ్, ఇక్కడ మొహమాటం లేదు. గొంతుతో కాదు, అడుగునుంచి అరువు" అంది మంగతాయారు గారు. ఇద్దరూ వాదులాడుకోకపోవడం చూసి నాకు భయం వేసింది. నా తుంటి ఎముకలు పలచనని డాక్టరమ్మకు బెంగ ఉందని నాకు తెలుసు. నొప్పికీ నొప్పికీ మధ్య నేను వెళ్ళి గోడకు చెవి ఆనించాను. చప్పుడు లేదు. చక్రం తన పాటికి తను తిరుగుతోంది. అంత ధైర్యం నాకు ఎవరి మాటా ఇవ్వలేదు.

చీర పట్టుకుని కూర్చున్నాను. బరువు కిందికి లాగింది, నేనూ కిందికే తోశాను. ఎముకలు నిలిచాయి. ఆడపిల్ల. డాక్టరమ్మ దాన్ని నా గుండెల మీద పెట్టగానే నేను అన్న మొదటి మాట, "అమ్మో, బరువు!" అందరూ నవ్వారు. నేను ఏడ్చాను.

"తొలిపాలు పట్టు బిడ్డా. పసుపు పచ్చగ ఉన్నయని పిండి పారబోసేటోళ్ళం మా కాలంల. తెల్వక జేసినం. అదే బిడ్డకు మొదటి మందు" అంది కొమురవ్వ.


నమోదు 7. నిద్ర లేదు, సంతోషంగా ఉన్నాను

ఈ రోజుల్లో ఏం రాశానో నాకే తెలియదు, తప్పులుంటే క్షమించు. చెయ్యి ఖాళీ ఉన్నప్పుడు ఒక్కో ముక్క రాస్తున్నాను. బిడ్డ పడుకున్నప్పుడు పడుకో, గిన్నెలు ఎక్కడికీ పోవు. పాలివ్వడానికి కూర్చోకముందే నీళ్ళ సీసా చేతికందేట్టు పెట్టుకో, బిడ్డ నోరు పెట్టగానే నీకు ఎడారంత దాహం వేస్తుంది. బిడ్డకు చలేస్తోందో లేదో చేతులు పట్టుకుని చూడకు, అవి ఎప్పుడూ చల్లగానే ఉంటాయి, మెడ వెనక తాకి చూడు. ఎవరైనా వచ్చి "ఏమైనా కావాలా" అంటే "ఏం వద్దండీ" అనే పాడు అలవాటు మనకు. కావాలి అను. అన్నం వండమను, గుడ్డలు ఉతకమను. బిడ్డను ఎత్తుకుంటాం, నువ్వు వండుకో అనేవాళ్ళను గడప బయటే కూర్చోబెట్టడానికి మంగతాయారు గారు ఉన్నారు.

బొడ్డు ఊడాక మొదటిసారి నీళ్ళు పోశారు. ఈ ఇంట్లో పసిబిడ్డకు నీళ్ళు పోసే హక్కు ఉంది, మీటరు నేనే తెరిచాను. మంగతాయారు గారు పీట మీద కూర్చుని కాళ్ళు చాపింది. కాళ్ళ మీద బిడ్డను బోర్లా పడుకోబెట్టి, గిన్నెలో దాచిన గరిటెడు ఆముదంలో వేలు ముంచి మాడు మీద ఒక్క చుక్క అద్దింది. తర్వాత చెంబు వంచింది. ఊళ్ళో నీళ్ళు ఎలా ఉంటాయో తెలుసుగా, ఉండలు కట్టి బద్ధకంగా దిగుతాయి. ఇక్కడ చెంబు వంచగానే జర్రున పడ్డాయి, వీపు మీద నుంచి జారి, కాళ్ళ మధ్య నుంచి పారిపోయాయి. ఇన్నేళ్ళు నీళ్ళతో బతికాను, నీళ్ళు పడటం ఇంత బాగుంటుందని నాకు తెలియదు. కిరీటి రెండో వారానికే ఈ విద్య నేర్చుకున్నాడు. నీ ఆయనకు కూడా నేర్పించు, నీకు ఆ కాసేపు నిద్ర దొరుకుతుంది.

సాంబ్రాణి మాత్రం వద్దు. తల ఆరబెట్టాలని కొమురవ్వ రవ్వంత వేసిందో లేదో, నిప్పంటుకుందనుకుని తలుపులన్నీ ధడాలున మూసుకుపోయాయి. ఖాసిం అన్న వచ్చి తెరిచేదాకా అందరం వంటింట్లోనే ఉన్నాం. బిడ్డ ఒక్కతే హాయిగా పడుకుంది.

పేరు అవని అని పెట్టాం. మా అమ్మ నాకు నేల పేరు పెట్టింది, నేను నా కూతురికి పెట్టాను.


నమోదు 8. ఏడాది తర్వాత, వెళ్ళిపోయే రోజు

నిన్న పొద్దున అవని నా మోకాలు పట్టుకుని లేచింది. లేచి, చెయ్యి వదిలేసి, ఒక అడుగు వేసింది. దబ్ మంది. ఇంత పిల్లకు అంత చప్పుడా అని అదే అదిరిపడి నా వంక చూసింది. డాక్టరమ్మ కాళ్ళు పట్టుకుని చూసి, గట్టి ఎముక, ఇక తీసుకుపోవచ్చు అంది. నేను ఆ కాళ్ళను ముద్దు పెట్టుకున్నాను. మా అమ్మ ఉంటే బాగుండేది.

మూటలు కట్టుకున్నాం. ఖాసిం అన్న వచ్చాడు, తల గోక్కుంటూ నిలబడ్డాడు. లోపల ఇక ఎవరూ ఉండరు. నీకు ఇంకా మూడో నెలే. చక్రం ఆపాలా?

"ఆపొద్దు. ఆపితే నూనె జిగురవుతుంది, మళ్ళీ కదలదు. నువ్వే అన్నావుగా అన్నా" అన్నాను.

"అన్నాననుకో. కానీ..." అని పెద్దవాళ్ళ వంక చూశాడు.

"ఖాళీగా తిప్పుతారా?" అంది మంగతాయారు గారు. వాదించడానికి కాదు, నిజంగానే భయం. "నువ్వు చెప్పింది నిజమేనమ్మాయ్. నా కళ్ళతో చూశాను. కానీ వచ్చే పిల్లకు ఏదన్నా అయితే? జన్మంతా నేను ఉయ్యాల ఊపానేమో అనుకుంటూ చావాలి కదా."

బేరింగు గురించి ఎంతయినా చెప్పగలను. ఆవిడ భయం గురించి ఏం చెప్పను? అలాగని ఆపనిస్తే, నీ బిడ్డ కాళ్ళు నా కాళ్ళవుతాయి. అవనిని చంకన వేసుకుని గడపలోనే నిలబడిపోయాను.

కొమురవ్వ వంటింట్లోకి పోయింది. వచ్చేటప్పుడు రెండు చేతులా పొత్రం ఎత్తుకొచ్చింది.

"మా తాన తొట్టెల కట్టినప్పుడు ముందుగాల బిడ్డను పండవెట్టరు" అంది రొప్పుతూ. "రాయిని పండవెడ్తరు. రాయి లెక్క గట్టిగ ఉండాలె అని. అటెంకనే బిడ్డ."

మంగతాయారు గారు నోరు తెరిచింది. "మా వైపూ ఉందే! పొత్రానికి గుడ్డ చుట్టి, బొట్టు పెట్టి... మా అమ్మమ్మ చేసేది. ఎలా మరిచిపోయానే నేను!"

ఈ ఇంట్లో వాళ్ళిద్దరూ ఒకే మాట మీద నిలబడటం నేను చూసింది చాలా తక్కువ. చీర చింపగా మిగిలిన చివరి మసిగుడ్డ తెచ్చాను. మంగతాయారు గారు దాన్ని పొత్రానికి చెవులు మూసేట్టు చుట్టింది, దానికి చెవులున్నట్టే. బొట్టు పెట్టింది. గిన్నె అడుగున మిగిలిన ఆముదం వేలితో తీసి, తల ఎటో చూసుకుని మరీ ఒక చుక్క అద్దింది. ఉయ్యాలలో పడుకోబెట్టి నాలుగు ఊపులు ఊపింది. అవని నా చంకలోంచి వంగి ఆ రాయిని చూసి కిలకిలా నవ్వింది.

ఖాసిం అన్న గొంతు సవరించుకున్నాడు. "అయితే లోపల మనిషి ఉన్నట్టేనా?"

"ఉన్నట్టే" అన్నారు ఇద్దరూ.

ఆయన ఆపలేదు. కొత్తగా నాటిన ఆముదం కాపుకు వస్తోందని, జాడీ నిండేదాకా తను వచ్చి చూసుకుంటానని మంగతాయారు గారు నాకు మాట ఇచ్చింది.

నువ్వెవరో నాకు తెలుసు. వడ్రంగి షాపులో పనిచేసే అమ్మాయివి. మొన్న కొమురవ్వ నిన్ను నీళ్ళు వోసుకున్నవా అని అడిగితే నువ్వూ మీటరు చూసుకోమన్నావట. ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది.

నువ్వు వచ్చేసరికి ఉయ్యాలలో ఒకరు పడుకుని ఉంటారు. భయపడకు. మెల్లగా ఎత్తు, బరువుంటుంది, కొమురవ్వను సాయానికి పిలువు. గుడ్డ విప్పి నీ బిడ్డకు దాచుకో, అంత మెత్తటి గుడ్డ ఇక ఊళ్ళో లేదు. పొత్రాన్ని వంటింట్లో పెట్టు, కారప్పొడి నూరుకోవడానికి కావాలి. నువ్వు వెళ్ళేటప్పుడు మళ్ళీ దాన్ని పడుకోబెట్టి వెళ్ళు.

తర్వాత ఎడమవైపు తిరిగి పడుకుని గోడకు చెవి ఆనించు. నాకు వినబడిన చప్పుడు నీకు వినబడదు.